కాయే అన్నాడట మాస్టారు

నా చిన్నప్పుడు మా చెరకు దీవిలోని షెమాన్ గ్రెనియే ఊళ్లో ఆడపిల్ల ఆరో తరగతిదాకా రావడమే ఒక వింత. నా ఈడు పిల్లలంతా అప్పటికే తల్లుల వెంట చెరకు తోటల్లో గడ్డి తీయడానికి వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. అదైనా మా నాన్న ఒక షరతు పెట్టి ఒప్పుకున్నాడు. నాకు చదువు వస్తోందని మాస్టారు వారం వారం తన నోటితో చెప్పాలి. రావడం లేదని తేలిన మరుక్షణం బడి మాని అమ్మతో పాటు తోటకి పోవాలి.

చెప్పడానికి మా మాస్టారు ఎప్పుడూ సిద్ధమే. ఆయన పోర్ట్ లూయీ పట్నం నుంచి వచ్చిన క్రియోల్ మనిషి. బడిలో ఏం జరుగుతోందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలియాలని ఆయనకొక పట్టుదల. శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ ఆ వారం ఏం నేర్పాడో, పిల్ల ఎలా ఉందో చెప్పి పంపేవాడు. మంచి పనే, కాదనను. కాని అమ్మా నాన్నా తోట నుంచి వచ్చేసరికి పొద్దుపోయేది కనక నా కోసం వచ్చేది నాయనమ్మ. విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇన్నేళ్లయినా ఆవిడకు కొట్లో ఉప్పూ పప్పూ అడగడానికి మించి ఇక్కడి క్రియోల్ భాష రాదు. ఆయనకు తెలుగు అసలే రాదు.

రెండు భాషలూ వచ్చినదాన్ని నేను మధ్యలోనే నిలబడి ఉండేదాన్ని. నోరు తెరిస్తే మాస్టారు నా పెదవుల మీద వేలు పెట్టేవాడు. పిల్లల గురించి పిల్లలనే చెప్పమంటే తమకు కావలసినట్టు చెప్పుకుంటారని ఆయన నమ్మకం. మా నాయనమ్మదీ అదే నమ్మకం. ఒకరి మాట ఒకరికి అర్థంకాని ఆ ఇద్దరికీ ఆ ఒక్క విషయంలో మాత్రం భలే పొత్తు కుదిరింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అంతకుముందు వారాల్లో ఆయన 'బోన్' అనేవాడు. బాగుంది అని. ఆ మాట నాయనమ్మకు తెలుసు కనక ఇంటికెళ్లి నాన్నకు అదే అప్పజెప్పేది. ఆ శుక్రవారం మాత్రం ఆయనకు నా మీద మరీ ముచ్చట వేసింది. భిన్నాలన్నీ తప్పు లేకుండా చేశాను, దీవి పటం గీసి నదులకు నీలం రంగు వేశాను. నా నోటుబుక్కును తలచుకుని మురిసిపోతూ, చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా, "సో కాయే బియే జోలి" అన్నాడు. ఈ పిల్ల నోటుబుక్కు చాలా అందంగా ఉంది అని దాని అర్థం. నాయనమ్మ ముఖం మాడిపోయింది.

ఇంటికి రాగానే నాన్నతో అంది, "కాయేనంటరా. ఇంకా పచ్చి కాయే. దీని జోలి పెట్టుకోవద్దంటున్నాడు."

నేను గింజుకున్నాను. కాయే అంటే కాయ కాదు, రాసుకునే పుస్తకం అన్నాను. జోలి అంటే అందం అన్నాను. నాన్నకు చెరకు పనికి కావలసిన క్రియోల్ అంతా వచ్చు గాని, తోటలో నోటుబుక్కుతో ఎవరికి పని? "మాస్టారు నిన్ను పచ్చికాయ అంటే నువ్వు దాన్ని పుస్తకం చేశావా? తెలివి బాగానే ఉంది. సోమవారం నుంచి అమ్మతో వెళ్దువుగాని" అన్నాడు. నా గురించి నేను చెబితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అందరికీ. ఏడ్చాను, అన్నం మానేశాను. మెచ్చుకున్నందుకు బడి పోగొట్టుకున్నది ఈ దీవిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

శనివారం ఈ సంగతి మా పక్కింటి అత్త చెవిన పడింది. ఆవిడ కొడుకులిద్దరూ అదే బడిలో చదివారు. కాయే అంటే ఏమిటో తెలిసినావిడ కనక నాయనమ్మకు చెప్పబోతే, "నువ్వు ఆ గుంటని ఎనకేసుకురాకు" అని కసిరింది. అత్త ఆదివారం పొద్దున్నే కాలు బెణికిందంటూ కుంటుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, చీనా కొట్టుకెళ్లి నాకో కాయే తెచ్చిపెట్టవా" అంది.

"ఏ కాయే? అరటా, బొప్పాయా?"

"నువ్వు కాయే అను, ఆడే ఇస్తాడు."

తోడుగా నన్ను పంపింది. దారిలో ఒక్క మాటైనా చెప్పావో జాగ్రత్త అన్నట్టు అత్త నా వైపు చూసింది. మళ్లీ నోరు మూసుకోవడమే నా వంతు అయింది.

కొట్లో నాయనమ్మ కాయే అంది. చీనా అతను నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని వెనక్కి నెట్టి, "ఇది కాదయ్యా, కాయే" అంది. అతను దాన్ని ముందుకు తోసి, అవునంటూ తలూపి, "వీ, కాయే" అన్నాడు. ఇలా కాసేపు సాగింది. ఇది ఆవిడకు నచ్చలేదేమోననుకుని, పాపం, ఎర్ర అట్ట ఉన్నది ఇంకొకటి వెతికి తెచ్చి, దాన్ని చేత్తో నిమురుతూ, "జోలి, జోలి" అన్నాడు.

నాయనమ్మ ఆ ఎర్ర అట్టనూ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను అడిగిన మాట వింటే మీకూ కోపం వస్తుంది.

"మరి ముందే సెప్పొచ్చు కదే?"

అత్త కాలు మధ్యాహ్నానికల్లా బాగైపోయింది. నోటుబుక్కు నాకే ఇచ్చేసింది. నాయనమ్మ నాన్నకు ఏం చెప్పిందో గాని సోమవారం నేను బడికే వెళ్లాను. శుక్రవారం గేటు దగ్గర మాస్టారు ఏమీ అనకముందే ఆవిడ నన్ను చూపించి, "కాయే?" అని అడిగింది. ఆయన నవ్వుతూ "జోలి" అన్నాడు. మా నాయనమ్మ ఆ రోజు ఊరంతా వినేటట్టు మాట్లాడుకుంటూ ఇంటికి నడిచింది.

పెళ్లయి ఈ దీవిలోనే నువెల్ ఫ్రాన్స్ అనే ఊరికి వచ్చాక నేనూ పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతూ వచ్చాను. ఇప్పటి తల్లులకు ఇంట్లో క్రియోలే, తెలుగు దండాలకూ వరసలకూ మాత్రమే మిగిలింది. వారం చివర వాళ్లు వచ్చినప్పుడు పిల్ల ఏం నేర్చుకుందో చెప్తాను. చెప్పి ఊరుకోను. నేనేమన్నానో తిరిగి చెప్పమంటాను. వంట పని ఉందని విసుక్కుంటారు. ముసలిదానికి చాదస్తమని చాటున అనుకుంటారు కూడా. అనుకోనీ. వాళ్లు చెప్పింది సరిగ్గా లేకపోతే నేను మళ్లీ చెప్పను. పక్కన నిలబడి గింజుకుంటున్న పిల్లను ముందుకు లాగి, నువ్వు చెప్పు తల్లీ అంటాను.