రాయి తడిస్తే ఒడ్డెక్కాలి

“నీళ్లేమైనా నీ చుట్టమా, నువ్వొచ్చేదాకా ఆగడానికి? రాయి తడవగానే ఒడ్డెక్కు.”

“సరేనమ్మా, ఎక్కేస్తా,” అని నవ్వుతూ బస్సు దిగిపోయాడు.

అమెరికా బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగాయన. పేరు అడగలేదు. డ్యామ్ కింద ఏట్లో ట్రౌట్ చేపలకు గాలం వేయడానికి వెళ్తున్నాడు. పైనుంచి నీళ్లు వదిలితే ఏరు చప్పుడు లేకుండా పెరుగుతుందట. అందుకని నీటి అంచున గుర్తుగా రాయి పెట్టుకుంటాడట.

“అది తడిసినా ఒక్కోసారి ఇంకొక్క చేప కోసం ఆగుతానమ్మా,” అన్నాడు.

సాగర్ డ్యామ్ కింద కృష్ణలో చేపలు పడుతూ మా ఆయన కూడా ఇలాగే గుర్తుకు పుల్ల పాతుకునేవాడు. అది మునిగినా ఇంకొక్కటి అనేవాడు. నేను ఒడ్డున నిలబడి తిట్టేదాన్ని. ఆయన పోయాక ఎవరినీ అలా తిట్టలేదు. ఆ రోజు బస్సులో అందరూ తిరిగి చూస్తున్నా నోరారా తిట్టాను.

నేను చెప్పిందంతా రాశావా కోడలా? తిట్లేమీ తీసెయ్యకుండా ఒకసారి చదివి వినిపించు.