బానెట్ మీద పెట్టిన పూజ

ఈ మాట నా లోపల చాలా ఏళ్లుగా ఉంది. బరువు అంటారు గదా, అదే. కానీ తలమీద మోసే బరువు కాదు. తలమీదిదైతే దారిలో ఎవరినైనా ఒక చెయ్యి వేయమని దించుకోవచ్చు. ఇది గొంతు కింద ఉంటుంది. పనిలో ఉన్నప్పుడు తెలియదు. రోడ్డు మీద పాత జీపు ఒకటి పోయిందా, పైకి వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. నేను చెప్తుంటే ఒకరు రాస్తున్నారు. మా మాట ఉన్నదున్నట్టు పెడితే నేనెవరో మా వైపువాళ్లు పట్టేస్తారు. అందుకని పుస్తకాల మాటలోకి మార్చి రాయమన్నాను. ఎదురెదురుగా అనుకున్న మాటలు మాత్రం మారిస్తే అబద్ధమవుతుంది, అవి అలాగే ఉంచమన్నాను.

నేను ఒక మిలిటరీ జీపు అమ్మాను. ఇంజన్ లోపల ఉండాల్సిన సామాను లేదని తెలుసు. ఉందని చెప్పి అమ్మాను.

మా ఆయన మెకానిక్. హోసూరు బయట ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. ఆ జీపును ఆయన మిలిటరీ వాళ్ల వేలంలో కొని లారీ మీద తెచ్చాడు. వచ్చిన రోజు నేను దాని చుట్టూ ఎంతసేపు తిరిగానో. పచ్చ రంగు ఊడిన చోట కింద ఇసక రంగు. అది ఊడిన చోట మళ్లీ పచ్చ. ఇది ఏ ఊరు చూసిందో, ఇందులో కూర్చున్నవాళ్లు తిరిగి ఇంటికి చేరారో లేదో అని అడిగాను. ఆయన నవ్వి, "బండి నాతో మాట్లాడితే అడిగి చెప్తానులే" అన్నాడు. తీరికున్నప్పుడల్లా దాన్ని ఒక్కొక్కటిగా విప్పేవాడు. విప్పినదానికి గ్రీజు పూసి గోనెపట్టాలో చుట్టి మూట కట్టేవాడు. అన్నీ శుభ్రం చేసి మళ్లీ బిగించి, మొదటి రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కృష్ణగిరి దాకా పోదామనేవాడు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు బండి కొనడానికి వచ్చినా ముందు దాని రోగం చెప్పేవాడు. ధర మాట తర్వాతే. దానివల్ల పోయిన బేరాలు చాలా. నేను సణిగేదాన్ని. ఆయన మాత్రం మారలేదు.

కామెర్లు వచ్చి ఆయన పోయాడు. అద్దె షెడ్డు, ఖాళీ చేయమన్నారు. పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడు, మూలనున్న మూటల్లో కొన్ని, ఏవి బరువుగా ఉన్నాయో అవి, తూకానికి వేసేశాను. లోపల ఏముందో విప్పి చూడలేదు. ఇది తెలియక చేసింది. దీనికి నన్ను నేను ఎప్పుడూ తిట్టుకోలేదు.

కొన్నాళ్లకు, మా ఆయన స్నేహితుడు, లేత్ మిషను మీద ఇనుము చెక్కే పనివాడు, వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. నేనూ తొంగి చూశాను. ఇంజన్ దిమ్మలో నాలుగు గుంతలు. వాటిలోంచి కింద నేల కనిపిస్తోంది. క్రాంకూ పిస్టన్లూ పోయాయి, ఇంత పాత బండికి అవి దొరకవు, ఇక ఇది ఇనుప పెట్టె అన్నాడు. క్రాంకు అంటే ఏమిటని అడిగాను. నేను బట్టలు కుట్టే మిషను తొక్కేదాన్ని, అందుకని ఆ మిషనుతోనే చెప్పాడు. కాలితో తొక్కే పలక పైకీ కిందికీ ఊగుతుంది, దాన్ని చక్రం తిరగడంగా మార్చే వంపు కడ్డీ ఉంటుంది, అలాంటిదే అన్నాడు. నాకు అప్పుడు దుఃఖం రాలేదు. వింతగా అనిపించింది. ఇంత పెద్ద బండి, ఒక వంపు కడ్డీ లేకపోతే బండి కాదా?

ఆ తర్వాత అంచెట్టి వైపునుంచి ఒక ఆయన కబురు పంపాడు. మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. సరిగ్గా ఇలాంటి జీపునే నడిపాడట. మోకాళ్లు అరిగాయి, చేను కొండ మీద ఉంది, బస్సు పోని దారి. దీన్ని తనే బాగుచేసుకుని పెళ్లాన్ని ఎక్కించుకుని చేనికి పోవాలని ఆశ. ఎప్పుడు రమ్మంటారని అడిగించాడు.

ఆయుధపూజ రోజు రమ్మన్నాను.

ఆ ఆలోచన నాకు ఎలా వచ్చింది? ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను. మా ఇంట్లో మంచి ఆలోచనలన్నీ మా ఆయనవే అనుకునేదాన్ని. ఈ ఒక్కటి మాత్రం పూర్తిగా నాదే. మా వైపు ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, విభూతి పట్టెలు పెట్టి, కుంకుమ పెట్టి, పూజలో ఉంచుతారు. మరుసటి రోజు కర్పూరం వెలిగించేదాకా వాటిని ఎవరూ కదల్చరు. తాగి తిరిగే మెకానిక్ కూడా ఆ రోజు స్పానర్ ముట్టడు. ఆ జీపు బానెట్ పలకలాగా చదునుగా ఉంటుంది. నేను దాని మీద అరిటాకు పరిచి, మా ఆయన స్పానర్లు, సుత్తి, జాకీ అన్నీ వరసగా పేర్చాను. బొరుగులు, పుట్నాలు, బెల్లం పెట్టాను. మిగిలిన మూటలకు కూడా కుంకుమ పెట్టి చక్రాల ముందు ఉంచాను. బానెట్ ఎత్తాలంటే పూజ ఎత్తాలి.

అంచెట్టి ఆయన వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. జీపు చుట్టూ నేను మొదటి రోజు తిరిగినట్టే తిరిగాడు. స్టీరింగ్ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బానెట్ కొక్కెం మీదికి చెయ్యి పోయింది. పూజ చూసి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ పొద్దు ముట్టకూడదులేమ్మా," అన్నాడు. "నువ్వే చెప్పు. లోపల సామాన్లు అంతా ఉండాయా?"

"ఉండాయప్పా. ఆయన విప్పి మూటలు కట్టి పెట్టినాడు. బిగించేదే బాకీ."

"క్రాంకు?"

"అన్నీ ఉండాయి."

"మీ ఆయన రోగం చెప్పకుండా బండి అమ్మడని అందరూ చెప్పినారమ్మా. ఆ మాట మీదనే వచ్చినాను."

నేను హారతి పళ్లెం ముందుకు చాపాను. ఆయన కళ్లకు అద్దుకున్నాడు. మరునాడు లారీ పంపాడు, జీపూ మూటలూ పోయాయి.

అవసరమే చేయించిందా? అవసరమైతే నిజం చెప్పి తక్కువకు అమ్మి ఉండవచ్చు. మా ఆయన మాట మీద ఇన్నాళ్లు పోయిన బేరాలన్నిటికీ బదులు తీర్చుకున్నానా? లేక ఒక్కసారి నేనే గెలిచి చూద్దామనుకున్నానా? తెలియదు.

ఇంటి ముందు లారీ ఆగినా జీపు ఆగినా ఆ అంచెట్టి ఆయనే అనుకునేదాన్ని. రాలేదు. నెలలు పోయాయి, సంవత్సరాలు పోయాయి. భయం తగ్గింది, దాని చోట ఇంకొకటి పెరిగింది. ఎందుకు రాలేదు? మోసపోయిన మనిషి ఎందుకు అడగడు? ఆ ప్రశ్న నన్ను నిజంగానే తినేసింది. చుట్టాల పిల్లకు చెవులు కుట్టించే వేడుకకు అంచెట్టి పోయినప్పుడు ఉండబట్టలేక ఆయన ఇల్లు అడిగాను. దారి చూపించినవాడు నవ్వాడు. "కదలని జీపాయన ఇల్లా? అదో, ఆడ."

కొట్టంలో ఆవుల పక్కన జీపు. కొత్త పచ్చరంగు. సీట్లు కొత్తగా కుట్టించి ఉన్నాయి. అద్దాలు మెరుస్తున్నాయి. లోపల ఆ నాలుగు గుంతలు అలాగే ఉన్నాయని నాకు తెలుసు.

ఆయన భార్య నన్ను చూసి, "రామ్మా, నా సవతిని చూసేకి వచ్చినావా?" అంది. "నాకన్నా దీనికే నూనె ఎక్కువ పూసినాడు ఈయన. ఇదైతే లేచి ఒక అడుగు కూడా పోదు."

"నువ్వు పోయి మజ్జిగ తెచ్చేది చూడు," అని ఆమెను పంపి, ఆయన నావైపు తిరిగాడు. "తప్పుగా అనుకోవద్దమ్మా. మూటలన్నీ విప్పినాను. క్రాంకు లేదు, పిస్టన్లూ లేవు. యాడన్నా వేరే మూటలో కలిసిపాయనేమో అని మళ్లీ మళ్లీ విప్పినాను, అట్లే ఏండ్లు పోయె. మొదట్లోనే లేదని తెలిసుంటే బాగుండు. అప్పుడు నాతో పనిచేసినోళ్లు సర్వీసులో ఉండిరి, యాడో ఒక చోట వెతికి పంపుండేవాళ్లు. ఇప్పుడు వాళ్లూ లేరు, ఆ సామానూ లేదు."

"లేదని తెలిసుంటే కొనకుండా పోయుంటావు గదప్పా?"

"ఎందుకు కొనను? తప్పకుండా కొందును."

"మరి వచ్చి నన్ను అడగలేదే?"

"మొగుడు పోయిన ఆడామెను ఏమని అడిగేది? నీకేం తెలుసు పాపం. మీ ఆయనే యాడో ఎత్తిపెట్టి మరిచిపోయినాడు అనుకుంటిని."

నా ప్రశ్నకు జవాబు దొరికింది. నిజం చెప్పడానికి దారి కూడా అక్కడే తెరిచి ఉంది. ఒక్క అడుగు వేస్తే చాలు. నేను ఏమన్నానో వినండి.

"అవునప్పా. కడపట ఆయనకు మరుపు ఎక్కువయిండె. యాడ పెట్టింది ఆయనకే తెలీదు."

మజ్జిగ తెచ్చిన భార్య అది విని, "నేను అప్పుడే చెప్తిని, ఆ మెకానికు సరైనోడు కాదని," అంది. ఆయన, "పోయినోళ్లను అనొద్దు," అన్నాడు. నేను మజ్జిగ తాగాను. చల్లగా, ఉప్పు సరిగ్గా ఉంది. అది కూడా గుర్తుంది.

జీపు అమ్మింది పెద్ద తప్పని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెప్తుంటే తెలుస్తోంది, పెద్దది ఇది. మొదటి అబద్ధానికి పూజ కావాలి, అరిటాకు కావాలి, రోజు చూసుకోవాలి. రెండోదానికి ఏమీ అక్కరలేకపోయింది. నోరు తెరిస్తే వచ్చేసింది. ఎందుకంత తేలిక? చనిపోయిన మనిషి ఎదురు చెప్పడనా? జీపు వల్ల ఆ అంచెట్టి ఆయన ఊళ్లో నవ్వులపాలయ్యాడు, చేనికి కుంటుతూ నడిచాడు. అది నేను చేసిన నష్టం, దానికి కనీసం నన్ను తిట్టేందుకు ఆయన ఉన్నాడు. మా ఆయనకు ఆ అవకాశం కూడా లేదు. బతికినన్నాళ్లూ బేరాలు పోగొట్టుకుని నిలబెట్టుకున్న ఒకే ఒక్క మాట, నేను మజ్జిగ తాగేలోపల తీసేశాను.

మళ్లీ అంచెట్టి పోలేదు. ఆ మనిషి ఉన్నాడో లేదో తెలియదు. ఉంటే పోయి చెప్తానా? చెప్తానని ఇక్కడ రాయిస్తే అది మూడో అబద్ధం అవుతుందేమో. ఎందుకు చేశావమ్మా అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే మన్నించమని ఎవరినీ అడగడం లేదు.

ఒక్కటి మాత్రం స్పష్టంగా చెప్తాను, అలాగే రాయండి. మా ఆయన ఏదీ మరిచిపోలేదు. కరెంటు పోయినా చేత్తో తడిమి ఏ బోల్టు ఏ బండిదో చెప్పేవాడు. మంచంలో ఉండి కూడా, ఆ మూటలు జాగ్రత్త అన్నాడు, నేనే చెవిన పెట్టలేదు. అమ్మింది నేను. దాచింది నేను. ఆయన మీదికి తోసింది నేను. ఈ మూడు మాటలూ వరసగా నా నోటితో బయటికి అనడం ఇదే మొదలు. అన్నాను.