తడినేల తొక్కిన బావగారు

తడినేల కనిపిస్తే మా బావగారి కాళ్ళు ఆగేవి కావు. మిషిగన్‌లో వాళ్ళ పెరడంతా ఏనాటివో మంచుపలకలు కరిగి వదిలిపోయిన బంకమట్టి. ఏటా చలికాలం పోగానే ఆయన ప్యాంటు మడిచి, వరిమడికి దమ్ము చేసినట్టు దాన్ని తొక్కేవారు.

"డ్రై అవనివ్వండి. ఇప్పుడు తొక్కితే ఇటుకైపోతుంది," అనేది అక్క.

"నువ్వా నాకు చెప్పేది?" అనేవారు. ఇంట్లో ఏ విషయానికైనా ఆయన జవాబు అదే.

ఆ పెరట్లో గోంగూర మొలవలేదు. కంచె అవతల రైతు పొలంలోనూ అదే మట్టి. అడుగున గొట్టాలు వేసి నీళ్ళు తీసేసి, ఆరాకే దున్నుతారు. మొక్కజొన్న మనిషెత్తు లేచేది.

చివరిసారి వెళ్ళినప్పుడు, పార దిగని ఆ నేలను కాలితో తన్ని, "ఈ సాయిలే వేస్ట్," అన్నారు. పక్కనే మాటాపలుకూ లేకుండా నిలబడ్డ అక్కను చూపించారు.

"మీ అక్కా అంతే. పెళ్ళయిన కొత్తలో ఎంత మెత్తగా ఉండేదో."