నేను షాపనుకున్న మాట

ఈమధ్య పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో బెంగాలీ నేర్చుకుంటున్నాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఈ సరదా ఏంటండీ అని మా కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోతోంది. నవ్వుకోనీ. నిన్న జంతువుల పేర్ల పాఠం వచ్చింది. ఆవు అయింది, కుక్క అయింది. మూడో మాట దగ్గర ఫోను ఆపేశాను.

హైస్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని. లకీ ళకీ తేడా పలకని పిల్లల్ని బల్లెక్కించినదాన్ని. భాషంటే ప్రాణమని చెప్పుకునేదాన్ని గానీ, భాషంటే తెలుగొక్కటే అనుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. మావారు పోయాక రామచంద్రపురం దగ్గర మా నాలుగెకరాల చేను నేనే చూసుకుంటున్నాను. ఊడ్పులకి ఇక్కడి మనుషులు దొరక్క, బెంగాల్ నుంచి వచ్చే జట్టుని పిలిపించడం మొదలుపెట్టాం. పన్నెండు మంది మగవాళ్ళు తాడు పట్టుకుని వరస కట్టారంటే గీత గీసినట్టు నాటేసేవారు. ఊరంతా వాళ్ళని హిందీవాళ్ళనేది, నేనూ అంతే. వాళ్ళకేదో చెవుడున్నట్టు తెలుగులోనే గట్టిగా అరిచి చెప్పేదాన్ని. మేస్త్రీకి నాలుగు తెలుగు ముక్కలు వచ్చు గనక పని జరిగిపోయేది.

ఆ జట్టులో బక్కపలచటి మనిషి ఒకడుండేవాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. సాయంత్రం పని దిగాక చిన్న నోటుబుక్కు పట్టుకుని మా అరుగు దగ్గరికొచ్చేవాడు. కనబడినదాన్నల్లా చూపించి ఇది ఏంటండి అనేవాడు. ఆ అండి మాత్రం ఎక్కడా వదిలేవాడు కాదు, గోదావరి జిల్లాలో పుట్టినవాడిలాగే. చేట, దూడ, పొన్నగంటికూర, అన్నీ వాళ్ళ లిపిలో రాసుకునేవాడు. రాసుకున్నాక వాళ్ళ మాట కూడా చెప్పి, నేను అంటానేమోనని నా మొహంకేసి చూసేవాడు. ఒక్కసారీ అనలేదు. మీ మాటలతో నాకేం పని బాబూ అని నవ్వేసేదాన్ని. మంచి శిష్యుడు దొరికాడని మురిసిపోయానే గానీ, అతను నాకూ పాఠం చెబుతున్నాడని తోచలేదు. ఒకనాడు సందెవేళ గడ్డిమేటు పక్కన పాము జరజరా పోతుంటే చూపించి అడిగాడు. ఆ వేళప్పుడు దాని పేరెత్తకూడదని మా అమ్మ నేర్పిన అలవాటు, చెప్పలేదు. అతను మాత్రం వాళ్ళ పేరు చెప్పాడు. నేను అది చెవిన పెట్టకుండానే దీపం పెట్టాలంటూ లోపలికి వెళ్ళిపోయాను.

మూడో ఏడు సార్వా ఊడ్పుల్లో వాళ్ళకి ఆవనూనె అయిపోయింది. అది లేనిదే వాళ్ళకి ముద్ద దిగదు, మన కొట్లలో చూద్దామన్నా దొరకదు. రెండు రోజుల నుంచి షాపు, షాపు అని నా ప్రాణం తోడేశారు. చివరికి మేస్త్రీ ఆ నూనె కోసం మండపేట వెళ్ళాడు. మధ్యాహ్నం పప్పులో తిరగమోత పెడుతుంటే ఫోను మోగింది. నంబరు నోటుబుక్కు మనిషిది, గొంతు మాత్రం అతని తమ్ముడిది. ఆ తమ్ముడు ఆ ఏడే కొత్తగా వచ్చాడు, తెలుగు ముక్క రాదు.

"మాశీ, షాప్! మాశీ, షాప్!"

మాశీ అంటే పిన్ని అని నాకు మొన్న రెండో పాఠంలో తెలిసింది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మేస్త్రీ తెస్తున్నాడు కదా, సాయంత్రం దాకా ఆగలేరా అని కసిరి పెట్టేశాను. మళ్ళీ మోగింది, ఎత్తలేదు. భోంచేసి ఒక కునుకు కూడా తీశాను. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

బెంగాలీలో పాముని షాప్ అంటారు. మేస్త్రీ తిరిగొచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. ఆకుమడిలో నారు పీకి కట్టలు కడుతుంటే ఆ నోటుబుక్కు మనిషి కుడిచేతిని పాము కాటేసింది. మిగతా జట్టు కాలవ అవతల చేలో ఉంది. మా ఇంట్లో కారుంది గనక నేను వస్తానని నమ్మి, తమ్ముడు అన్నని గట్టు మీద కూర్చోబెట్టుకుని గంటన్నర కాచుకున్నాడు. చివరికి పక్కచేను రైతు అటుగా వస్తూ చూసి, బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయాడు. ప్రాణం దక్కింది గానీ వేళ్ళు నల్లబడిపోయి మూడింటిని తీసేశారు. గంట ముందు తెచ్చుంటే వేళ్ళు కూడా నిలిచేవేమోనన్నాడు డాక్టరు, నేనెవరో తెలియక.

కాకినాడ ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడితే, క్షమించమని ఏ భాషలో అడగాలో తోచలేదు. నాకు తెలుగు కూడా రాలేదు ఆ పూట. అతనే పలకరించాడు.

"అమ్మగారూ, దాన్ని తెలుగులో ఏమంటారండి?"

"పాము" అన్నాను. ఆ వెంటే "షాప్" అన్నాను.

"బాగా చెప్పారండి" అన్నాడు.

ఆ మాట నన్ను కోసేసింది. ఏ కోపమూ లేదు అందులో, నేను పిల్లలకి చెప్పినట్టే చెప్పాడు. నాటడానికి కావలసిన బొటనవేలూ, చూపుడువేలూ, నడిమివేలే పోవడంతో అతను మళ్ళీ ఊడ్పులకి రాలేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరివో మేకలు కాస్తున్నాడని తమ్ముడు కబురు చెప్పాడు. ఆ సందెవేళ అరుగు మీద అరనిమిషం ఆగి ఉంటే సరిపోయేది. ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది, పోయినవి మాత్రం అతని మూడు వేళ్ళు.