పిండిమర కనకదుర్గ

పటమటలో పిండిమర నడిపే కనకదుర్గ కనుబొమలు ఎప్పుడూ పిండితో తెల్లగానే ఉంటాయి. తమ్ముడి అప్పులకు హామీ ఉండి, అతను ఊరొదిలి పోయాక, దిక్కుతోచక కోర్టులో దివాలా అర్జీ, ఐ.పి. పెట్టింది. మర మాత్రం ఆపలేదు. మూసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లకు, పిండి దిగే గుడ్డ గొట్టాన్ని అరచేత్తో గట్టిగా చరచడమే ఆవిడ జవాబు.

అప్పిచ్చినవాళ్లలో ఒకరైన సూర్యప్రకాష్ గారే మొన్న గోధుమల డబ్బా తెచ్చారు. ఆడించుకుని, "ఈ ఆడించిన డబ్బులు నాకివ్వాల్సిన బాకీలో తగ్గించుకోమ్మా," అన్నారు.

"బాకీ సంగతి కోర్టులో ఉందండీ. మీకొక్కరికే తగ్గిస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? మర ఆగితే ఎవరికీ పైసా రాదు. ఎనిమిది రూపాయలివ్వండి!"

ఆయన గొణుక్కుంటూ పది నోటు తీశారు. "చిల్లర ఉంచుకోలే."

కనకదుర్గ రెండు రూపాయల బిళ్ల విసురుగా ఆయన చేతిలో పెట్టింది.

"మీ దగ్గర ఇంకో అప్పా? వద్దండీ బాబూ!"