ఇరవై ఏడో నంబరు మాణ

ఈ ఉదయం మా రాయగడ క్వార్టరు వసారాలో ఉన్నవాళ్ళం ముగ్గురం: నేను, నా భార్య, గుణుపురం వైపు నుంచి చోళ్ళు, అదే రాగులు, తెచ్చిన రైతు. వస్తువులు: గోనె ఒకటి, చేట ఒకటి, ఇనప కుంచం ఒకటి, నా చేతిలో కాఫీ గ్లాసు. గోనెకి అడుగున చిల్లుంది. చోళ్ళు సన్నటి ధారగా గచ్చు మీదికి కారడం మొదలెట్టాయి. "సూసుకోవేటి అన్నా? దారి పొడుగునా పిట్టలకి సంతర్పణ సేసుకుంటూ వచ్చినట్టున్నావు!" అని నా భార్య రైతుని ఆటపట్టించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. ఆ చప్పుడు నాకు పడదు. ఆరేళ్ళుగా పడదు. ఎందుకు పడదో ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు.

అప్పటికి నేను సర్వే పరీక్ష కొత్తగా ప్యాసై, కోరాపుట్‌లో బాబాయి ఇంట్లో ఉంటూ రోడ్ల ఆఫీసులో పని నేర్చుకుంటున్నాను. బాబాయి ఎస్టేటు ఉద్యోగి. ఏ క్యాంపుకి వెళ్ళినా కొండవాళ్ళ ఇత్తడి సామాను ఏదో ఒకటి సంచీలో వేసుకొచ్చేవాడు: నెమళ్ళు, తాబేళ్ళు, గంటలు, దీపపు సెమ్మెలు. ముందుగదిలో అద్దాల బీరువా ఉండేది. చూడవచ్చిన దొరలకి నచ్చితే అమ్మేవాడు, నచ్చకపోతే నచ్చేదాకా తుడుస్తూ కూర్చునేవాడు. బీరువాలో చేరిన వస్తువు ఇక ఏ పనికీ రాకూడదని ఆయన నియమం. మా పిన్ని ఒకసారి పండక్కి ఒక సెమ్మె తీసి వెలిగిస్తే, మసి పట్టిందని బాబాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "ఇంటినిండా ఇత్తడే, పులుసు కాయడానికి గిన్నె లేదు. మీ బాబాయి నన్ను కూడా నంబరేసి అందులో పెట్టేస్తే వంట బాధైనా తప్పును" అనేది పిన్ని. నంబర్లు వేసేది నేను. ప్రతి వస్తువుకీ ఎత్తు, వెడల్పు, బరువు కొలిచి పట్టీ రాసేవాణ్ణి. ఆ పట్టీ అంటే నాకు చెప్పలేనంత గర్వం.

ఇరవై ఏడో నంబరు ఒక మాణ. మన కుంచం లాంటి గింజల కొలతే, కొండవాళ్ళు మాణ అంటారు. ఇత్తడి తీగ చుట్టినట్టు అల్లిక, లోపల గింజల రాపిడికి అరిగి అద్దంలా మెరిసే నునుపు. దసమంతపూర్ సంతలో ఒక యువకుడికి కొత్త ఇనప కుంచం, ఒక కంబళీ ఇచ్చి బాబాయి దాన్ని మార్చుకున్నాడు. ఎత్తు అయిదంగుళాలు, మూతి ఆరు. అడుగు గుండ్రం కావడంతో బీరువాలో నిలబడేది కాదు, దొర్లేది. నేను పావంగుళం బరమాతో అడుగున రంధ్రం చేసి, కర్ర పీటకి మరమేకుతో బిగించాను. కొండ కదిలినా అది కదలదు. "ఇంజనీరువిరా నువ్వు!" అని బాబాయి భుజం తట్టాడు.

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆ యువకుడి తల్లి. రెండు రోజులు నడిచిందట. బాబాయి జయపురంలో ఉన్నాడు. సంతల్లో నేర్చిన తెలుగులో అడిగింది: "మాణ ఇయ్యి బాబూ. ఇత్తనం కొలిసేసి మళ్ళీ నేనే తెస్తాను."

"మీవాడికి కొత్త కుంచం ఇచ్చారు కదా" అన్నాను.

"అది సంతకి. ఇది నేలకి."

వాళ్ళ ఊళ్ళో పెద్ద ఆడమనిషి, అంటే ఈమే, ఆ మాణతో తొలి విత్తనం కొలిచి పెడితేగాని ఎవరూ గింజ చల్లరు. కొడుకు చేసిన పని, దుక్కులు అయ్యాకగాని బయటపడలేదు. వాన పడింది. ఊరు ఎదురుచూస్తోంది. నేను మాత్రం పట్టీ రాసేశానని, వారంలో దొర వస్తున్నాడని నసిగాను. పిన్ని వంటింట్లోంచి వచ్చింది. "ఆ దొరేమైనా ఇత్తనాలు జల్లుతాడేటిరా? ఇచ్చెయ్యి. మీ బాబాయికి నేను సెప్పుకుంటాను."

మరమేకు విప్పాను. పట్టీలో 'అరువు' అని రాసి ఆమె చేత వేలిముద్ర కూడా వేయించాను. చాలా ఉదారంగా ఉన్నాననుకున్నాను. మాణ ఖాళీగా దారి నడవకూడదట. అందుకని ఆమె చెంగున చోళ్ళు మూటకట్టుకుని వచ్చింది. మాణని చంటిబిడ్డలా ఎడంచేతి మడతలో పెట్టుకుని పోసింది. నా చేత్తో చేసిన రంధ్రం నాకు గుర్తు రాలేదంటే ఎవరూ నమ్మరు. కానీ అదే నిజం. నా లెక్కలో అది రంధ్రం కాదు, బిగింపు.

చోళ్ళు కారాయి. ఆమె ముందు అరచెయ్యి అడ్డం పెట్టింది, తరవాత వేలు దూర్చి చూసింది. "ఇదెవులు సేసేరు?"

"నేనే. అరగంటలో మాటు వేయిస్తాను. చుక్క నీరు కూడా కారదు" అన్నాను గబగబా.

"మా అత్త కొలిసింది. దానత్త కొలిసింది. ఎవుల సేతిలోనూ కారనేదు బాబూ."

కోపంగా అనలేదు. మాణని గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. "గంజైనా తాగెల్లమ్మా" అని పిన్ని వెనకాల పిలిచింది. ఆమె తిరగలేదు.

వారానికి దొర వచ్చాడు. మాణని తిరగేసి, రంధ్రాన్ని వేలితో తడిమి, పాడైన వస్తువని పక్కన పెట్టేశాడు. ముందుగది గచ్చు పగుళ్ళలో ఆ చోళ్ళు మొలకెత్తాయి. బాబాయి పీకించాడు. మళ్ళీ మొలిచాయి. ఆ వానాకాలమంతా అందరం ఆ గదిలో వాటిని తొక్కకుండా పక్కకి తప్పుకుని నడిచాం.

శ్రావణంలో రోడ్డు గుర్తులు పెట్టడానికి నన్ను దసమంతపూర్ వైపు పంపించారు. కొలత గొలుసు సరిగ్గా ఆ ముసలావిడ ఊరి వాలు మీదుగానే పోయింది. దుక్కులు చక్కగా ఉన్నాయి, చాళ్ళ నిండా గడ్డి. ఆమె కొడుకు ఒక్కడే ఆ ఇనప కుంచంతో కొలిచి తన పొలం చెక్కలు విత్తుకున్నాడని గొలుసు కూలీ చెప్పాడు. తల్లి గురించి అడగకుండా తల వంచుకుని తరవాతి గుర్తు పాతాను. నా పనిలో ఈ రోజు తప్పిన గుర్తు రేపు పెట్టుకోవచ్చు. విత్తనానికి రేపు ఉండదని నాకు ఏ స్కూల్లోనూ చెప్పలేదు. గొలుసు పట్టుకుని నిలబడి ఆ వాలంతా రెండుసార్లు లెక్కపెట్టాను. మొత్తం చెక్కలు ముప్పై ఒకటి. దున్నినవి ముప్పై ఒకటి. విత్తినవి నాలుగు.