అప్ప చెంప మీది పొలుసు

మా అప్ప, అంటే మా అక్క, పుట్టుకతోనే ఒళ్ళంతా తెలుపు. జుట్టూ, కనుబొమ్మలూ కూడా అంతే. ముప్పై ఏళ్ళుగా మా ఊరి సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతోంది. చెంప మీద గరుకుగా పొలుసు లేచి, ఊడి, మళ్ళీ మళ్ళీ వస్తోందని ఈ రోజు బలవంతంగా శ్రీకాకుళం తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చూసి, "ఇంకా క్యాన్సర్ కాదు. ఏళ్ళ తరబడి ఎండ తగిలి వచ్చింది. వదిలేస్తే క్యాన్సర్ అవ్వొచ్చు. ఇప్పుడు తీసేస్తాను గానీ, ఇక మీరు ఎండలోకి వెళ్ళకూడదు" అన్నారు.

అప్ప, "మరి సేపలు ఎక్కడ ఎండబెట్టుకోమంతారమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ పొలుసు తీసేసి పంపారు. వస్తూ ఒక పెద్ద గొడుగు కొన్నాను.

ఊళ్ళో దిగగానే అప్ప నేరుగా ఒడ్డుకి వెళ్ళి, పొద్దున్న పరిచిన చేపలు తిరగెయ్యడం మొదలెట్టింది. నేను వెనకే వెళ్ళి గొడుగు పట్టాను. ఆమె తలెత్తకుండానే అంది.

"ఒరే, అటు జరుగు. సేపల మీద నీడ పడతన్నాది."

జరిగాను. ఎండ మళ్ళీ ఆమె మొహం మీద పడింది.

అప్పకి చదువు లేదు, చూపు అంతంతమాత్రం, వయసు యాభై. నీడలో చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండి. గొడుగు సంగతి మాత్రం చెప్పకండి.